మూతపడిన దుకాణాల లెక్క ఎవరి దగ్గర ఉంది?

నరసన్నపేట,
శ్రీకాకుళం జిల్లా.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న వ్యాపారాలకు రుణాలు మంజూరు చేసే బ్యాంకు అధికారులకు, పరిశ్రమల శాఖ అధికారులకు, స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చే సంస్థల నిర్వాహకులకు,

నమస్కారం. మీకు పని ఒత్తిడి ఎంతో నాకు తెలుసు కనుక నేరుగా విషయానికి వస్తాను.

నేను 27 ఏళ్లుగా చిన్న దుకాణాలకు పద్దులు రాసి బతుకుతున్నవాడిని. కిరాణా కొట్లు, టిఫిన్ సెంటర్లు, ఫ్యాన్సీ షాపులు, కుట్టు కేంద్రాలు, పలాస వైపు జీడిపప్పు తీసే చిన్న యూనిట్లు, రాజాం, చీపురుపల్లి వైపు హార్డ్‌వేర్ దుకాణాలు నాకు పని ఇచ్చాయి. నెలకు ఇంతని తీసుకుని చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాల పుస్తకం) సరిచూస్తాను. జీఎస్టీ రిటర్నులు వేయిస్తాను. బ్యాంకు అడిగిన కాగితాలు సిద్ధం చేస్తాను. నేను దగ్గరుండి కొబ్బరికాయ కొట్టించిన దుకాణాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో మూతపడినవాటి పుస్తకాలను చాలామంది తిరిగి తీసుకెళ్లలేదు. "వాటితో ఇంక పనేముంది మాస్టారూ, మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు. మా ఇంటి అటక మీద రేకు పెట్టెలో అలాంటి పుస్తకాలు 41 ఉన్నాయి.

ఆ పెట్టె గురించే రెండేళ్లలో రెండు అర్జీలు ఇచ్చాను. సోమవారం నాడు ఒక కార్యాలయం ముందు వరుసలో నిలబడి స్వయంగా అందజేశాను. నేను అడిగినవి రెండే. అప్పు తీసుకుని పెట్టిన దుకాణాల్లో ఎన్ని మూతపడ్డాయో, ఎందుకు మూతపడ్డాయో లెక్క తీయమన్నాను. మండల కేంద్రంలో వారానికి ఒక పూట పద్దులు నేర్పే మనిషిని కూర్చోబెట్టమన్నాను. కొన్నాళ్లకు నా ఫోనుకు "మీ అర్జీ పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో తెలుసుకుందామని వెళితే సంబంధిత శాఖకు పంపామన్నారు. ఆ శాఖవారు తమకేమీ అందలేదన్నారు. రెండో అర్జీకీ అదే సందేశం, అవే మాటలు. అందువల్ల ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్ర పథకం 2015 ఏప్రిల్ 8న మొదలైంది. శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షలు, తరుణ్ కింద 10 లక్షలు, ఆ అప్పు తీర్చినవారికి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా ఇస్తున్నారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం 2008లో మొదలైంది. ఇవి మంచి పథకాలు. వీటితో నిలదొక్కుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఎంతమందికి ఎంత ఇచ్చారన్న లెక్క ఏటా ప్రకటిస్తారు. ప్రారంభోత్సవం ఫొటో ఫైలులో ఉంటుంది. ఏడాదిన్నర తర్వాత అదే షట్టర్ దిగిపోయినప్పుడు మాత్రం అది బ్యాంకు పుస్తకంలో మొండి బాకీగా తప్ప మరెక్కడా కనిపించదు. ఎందుకు దిగిపోయిందో రాసే గడి ఏ ఫారంలోనూ నేను చూడలేదు. అమెరికాలో కార్మిక గణాంకాల శాఖ ఏ ఏడాది పుట్టిన వ్యాపారాలు ఎన్నేళ్లు బతికాయో ఏటా లెక్క కడుతుంది. దాదాపు ఐదో వంతు తొలి ఏడాదిలోనే, సగం వరకు ఐదేళ్లలో మూతపడుతున్నాయని అక్కడివారికి తెలుసు. తెలుసు కనుక ఆ తొలి ఏళ్లలో ఏం చేయాలో ఆలోచించగలరు. మన నరసన్నపేట బజారులో కిందటి ఏడాది తెరిచిన కొట్లలో ఎన్ని మిగిలాయో చెప్పగలవారు ఎవరున్నారు?

తప్పులు మా వ్యాపారులు చేయలేదని నేను అనడం లేదు. చేశారు. ఆ 41 పుస్తకాల నిండా తప్పులే. అయితే 27 ఏళ్లలో నేను కొత్త తప్పు చూసింది చాలా తక్కువ. అవే ఆరేడు తప్పులు, చేతులు మారుతూ వస్తున్నాయి. ముందే తెలిసిన గొయ్యిలో ఏటా కొత్తవారు పడుతుంటే గట్టున ఉన్నవారి బాధ్యత కొంతైనా ఉండదా?

ఆ తప్పులేమిటో, వాటివల్ల ఎవరికి ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. ఇంటి డబ్బు, కొట్టు డబ్బు ఒకే గల్లాలో ఉండటం

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే కాబట్టి ఒక పుస్తకాన్ని విప్పి చూపిస్తాను. అది పొడుగు నోటు పుస్తకం. మొదటి పేజీలో నాలుగు మూలలా పసుపు బొట్లు, పైన "శ్రీ", కింద "శుభం, లాభం". జాతీయ రహదారి పక్కన ఒక మండల కేంద్రంలో భార్యాభర్తలు పెట్టుకున్న టిఫిన్ సెంటర్ పుస్తకం అది. రోజుకు ఒక పేజీ. ఎడమ పక్క గల్లా మొత్తం, కుడి పక్క ఖర్చు. మినప్పప్పు, నూనె, గ్యాసు బండ. వాటి కిందనే, అదే వరుసలో, "అమ్మకు మందులు 900". మరో పేజీలో "పాప ఫీజు 7,000". సంక్రాంతి ముందు "బట్టలు 6,500". భర్త రాత గుండ్రంగా, ఓపికగా ఉంటుంది. ఒక్క రోజు కూడా రాయకుండా వదలలేదు. లెక్క రాయని మనిషి కాదాయన. ఏది ఎక్కడ రాయాలో ఎవరూ చెప్పని మనిషి.

రోజుకు సుమారు 6 వేలు గల్లా. నెలకు 26 రోజులు తెరిస్తే 1,56,000. "నెలకు లక్షన్నర వ్యాపారం" అని ఊళ్లో గౌరవంగా చెప్పుకొనేవారు. ఒక ఆదివారం ఎర్ర కలంతో ఇంటి ఖర్చులు విడదీసి, వారి ముందే లెక్క కట్టాను. సరుకు, గ్యాసు 95,000. ఇద్దరు పనివాళ్ల జీతాలు 24,000. అద్దె 9,000. కరెంటు 3,500. బ్యాంకు వాయిదా 11,000. మొత్తం 1,42,500. మిగిలింది 13,500. తెల్లవారుజామున 4 గంటలకు లేచి రాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడిన ఇద్దరికీ కలిపి అంతే. వారు పెట్టుకున్న పనివాళ్లకే అంతకన్నా ఎక్కువ ముడుతోంది. ఇంటికి మాత్రం నెలకు 20 వేలకు పైగా ఆ గల్లాలోంచే తీస్తున్నారు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? నూనె వ్యాపారి దగ్గర బాకీ నుంచి వస్తోంది. పప్పుల కొట్టు బాకీ నుంచి వస్తోంది.

ఆ లెక్క చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది మొదటి నెలలోనే చెప్పి ఉంటే ఇడ్లీ ప్లేటు మీద 5 రూపాయలు పెంచేవాళ్లం కదా అన్నయ్యా" అంది. నిజమే, పెంచి ఉంటే నిలబడేది. నా దగ్గరకు వచ్చేసరికి 14 నెలలు గడిచాయి. అప్పటికే నూనె వ్యాపారి సరుకు ఆపేశాడు.

వారికి రుణం ఇచ్చేముందు శిక్షణ ఇచ్చారు. ధ్రువపత్రం కూడా ఉంది, నేను చూశాను. వ్యాపారం చేసేవాడు తనకు తాను నెల జీతం రాసుకోవాలని, అది తప్ప గల్లాలోంచి రూపాయి తీయకూడదని ఆ శిక్షణలో ఎవరూ చెప్పలేదట.

2. అరువు

పల్లెలో కిరాణా కొట్టు అరువు లేకుండా నడవదు. నాట్లప్పుడు తీసుకుంటారు, కోతలయ్యాక ఇస్తారు. ఇది మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న నమ్మకం. దాన్ని తప్పుపట్టను. తప్పు ఎక్కడంటే, ఎంతవరకు ఇవ్వగలనన్న హద్దు కొట్టువాడు గీసుకోకపోవడంలో. కిరాణాలో నూటికి 8 రూపాయలు మిగిలితే గొప్ప. అంటే వెయ్యి రూపాయల బాకీ మునిగితే, దాన్ని పూడ్చడానికి 12,500 రూపాయల సరుకు అమ్మాలి. ఈ ఒక్క లెక్క తెలిసిన కొట్టువారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అరువు పుస్తకాల్లో "పంతులు గారు", "చెరువుగట్టు అత్త", "కొత్త కోడలు" అని మాత్రమే రాసి ఉంటుంది. తేదీ ఉండదు, సంతకం ఉండదు. కొట్టు మూసేశాక ఆ పుస్తకం పట్టుకుని ఎవరి ఇంటికి వెళ్లగలరు?

ఊళ్లో కిరాణా కొట్టు మూతపడితే నష్టపోయేది కొట్టువాడొక్కడే కాదు. చేతిలో డబ్బులేని రోజున కిలో బియ్యం, పావు నూనె అరువిచ్చే చోటు కూలి కుటుంబానికి లేకుండా పోతుంది. పట్టణంలోని పెద్ద దుకాణం చౌకగా ఇస్తుందేమో గానీ అరువివ్వదు.

3. మిషనుకు అప్పు ఇచ్చి సరుకుకు ఇవ్వకపోవడం

ఇందులో మా తప్పు సగం, మీ తప్పు సగం. మొహమాటం లేకుండా చెబుతున్నందుకు మన్నించండి.

ఉద్దానం వైపు ఒక జీడిపప్పు యూనిట్ సంగతి చూడండి. మార్చి నుంచి మే దాకా జీడి పిక్కలు వస్తాయి. ఏడాది పొడుగునా పని జరగాలంటే ఆ కొద్ది నెలల్లోనే కొని నిల్వ పెట్టుకోవాలి. లేదా ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతైన పిక్కలు కొనాలి. బేరం 80 కిలోల బస్తా లెక్కన. దిగే పప్పు బస్తాలో నాలుగో వంతుకు అటూ ఇటూ. అందులో గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అన్నదాన్ని బట్టి ధర. ఇంత మెలిక ఉన్న వ్యాపారంలో, బ్యాంకు ఇచ్చిన అప్పు మొత్తం బాయిలరుకు, కోత మిషన్లకు, డ్రయ్యరుకు, షెడ్డుకు అయిపోయింది. పిక్కలు కొనడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. యజమాని నెలకు నూటికి 3 రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. అంటే ఏడాదికి 36 శాతం. పప్పు ధర పెరిగేదాకా ఆగే ఓపిక ఆ వడ్డీ ఇవ్వలేదు. వచ్చిన ధరకు అమ్ముకున్నాడు. ఏడాదిలో 4 నెలలే యూనిట్ నడిచింది. బ్యాంకు వాయిదా మాత్రం 12 నెలలూ నడిచింది. పిక్కలు కొట్టే పనికి వచ్చే 11 మంది ఆడవాళ్లు మళ్లీ పని వెతుక్కున్నారు.

నాయక్ కమిటీ సిఫారసు మీకు నేను చెప్పనక్కరలేదు. ఏడాది అమ్మకాల అంచనాలో కనీసం 20 శాతం సరుకు పెట్టుబడి కోసం బ్యాంకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. 10 లక్షల అమ్మకం అంచనా ఉంటే 2 లక్షలు. ఆ మాట అడగాలని వ్యాపారికి తెలియదు. అడగకపోతే ఇవ్వరు. చిన్న, సూక్ష్మ యూనిట్లకు ఒక పరిమితి లోపు రుణానికి తనఖా అడగరాదన్న నిబంధనా అంతే. ఇప్పటికీ ఇంటి దస్తావేజు తెమ్మన్న మాట విని వెనుదిరిగినవారు నా దగ్గరకు వస్తూనే ఉన్నారు.

సరుకు పెట్టుబడి లేనివాడు చివరికి వెళ్లేది రోజువారీ ఫైనాన్స్ దగ్గరకు. 10 వేల అప్పు అంటారు. చేతికి 8,500 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. 1,500 రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతూ ఉంటుంది కనుక ఏడాది వడ్డీగా లెక్క కడితే నూటికి నూరు దాటుతుంది. ఏ ఇడ్లీ బండీ, ఏ పండ్ల కొట్టూ ఆ వడ్డీని మోయలేదు. సాయంత్రం 6 గంటలకు బండి మీద వచ్చి వసూలు చేసుకునే ఆ కుర్రాడు దుకాణాన్ని రోజూ చూస్తాడు. అప్పిచ్చిన బ్యాంకు ఏడాదికి ఒకసారైనా చూడదు.

4. పక్కవాడిని చూసి పెట్టడం, మిషను అమ్మినవాడి మాట నమ్మడం

ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. మంచి నిర్ణయం. ఆ వెంటనే కాగితపు ప్లేట్లు, గ్లాసుల మిషన్లు అమ్మేవారు ఊళ్ల మీదకు వచ్చారు. "ముడిసరుకు మేమే ఇస్తాం, తయారైనది మేమే కొంటాం, మీరు ఇంట్లో కూర్చుని మిషన్ నడపండి" అన్నారు. నాకు తెలిసిన ఒకే మండలంలో 6 మిషన్లు దిగాయి. రెండు మూడు నెలలు కొన్నారు. ఆపైన "నాణ్యత లేదు" అని తిప్పి పంపారు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. అప్పుడు ఆరుగురూ అవే పెళ్లిళ్ల వంటవారి దగ్గరకు, అవే టీ కొట్ల దగ్గరకు వెళ్లి, ఒకరికంటే ఒకరు పావలా తక్కువకు అమ్ముకున్నారు. ఇప్పుడు ఆ మిషన్లలో నాలుగు టార్పాలిన్ కప్పి ఉన్నాయి.

ఆ ఆరింటి ప్రాజెక్టు రిపోర్టులూ చూశాను. పేరు, ఊరు మారాయి. మిగతాదంతా ఒక్కటే: ఏడాదికి 300 పని దినాలు, మొదటి ఏడాది 60 శాతం సామర్థ్యం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80. పల్లెలో మధ్యాహ్నం కరెంటు పోతే మిషన్ ఆగుతుందన్న మాట ఆ రిపోర్టులో లేదు. అదే ఊళ్లో మరో ఐదుగురు అదే సరుకు తయారు చేస్తున్నారన్న మాట అంతకన్నా లేదు. ఈ రిపోర్టు రాసి ఇచ్చినవారు డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. దాన్ని చదివి సంతకం పెట్టినవారు మీరు. ఆరు దరఖాస్తులూ ఒకే ఏడాదిలో మీ బల్ల మీదకు వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మీకొక్కరికే ఉంది, దరఖాస్తుదారుకు లేదు.

ఉపాధి కల్పన పథకం కింద వచ్చే రాయితీని మూడేళ్ల తర్వాత అప్పుకు సర్దుబాటు చేసేముందు తనిఖీకి వస్తారు. అప్పటికి చూడటానికి మిగిలేది టార్పాలినే.

5. రావలసిన డబ్బు అడగలేకపోవడం

వస్తువులు తయారు చేసేవారికి, సేవలు అందించేవారికి ఒక రక్షణ ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, సరుకు తీసుకున్నవారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. కొనుగోలుదారు ప్రభుత్వ శాఖ అయినా ఇదే వర్తిస్తుంది. ఆదాయ పన్ను చట్టంలో కూడా, గడువులో చెల్లించని బాకీని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోరాదన్న నిబంధనను 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చారు. ఇంత బలమైన రక్షణ ఉండి కూడా, దుస్తులు కుట్టి ఇచ్చిన ఒక కుట్టు కేంద్రంలోని ఆడవాళ్లు తమ డబ్బు కోసం 9 నెలలు తిరిగారు. వారికి ఉద్యం నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, లేదు. అది ఉచితమని, ఫోనులో ఆధార్‌తో చేసుకోవచ్చని, సరుకు ఇచ్చేముందే చేసుకుని ఉండాలని తెలియదు. నేను చేయించేటప్పటికే ఆ బిల్లు పాతబడింది. గట్టిగా అడిగితే మళ్లీ పని ఇవ్వరేమోనన్న భయం ఒకటి. ఆ భయాన్ని నేనూ తీర్చలేకపోయాను.

6. బీమా

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ తర్వాత పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు రేకులు లేచిపోయిన కొట్లలో సరుకంతా తడిసి ముద్దయింది. చాలామందికి బీమాయే లేదు. ఉన్న కొద్దిమందికి ఆ కాగితం ఎక్కడుందో, అందులో దుకాణం చిరునామా సరిగా ఉందో లేదో తెలియదు. 2021 ఏప్రిల్ నుంచి సూక్ష్మ వ్యాపారాల కోసమే "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" అనే ప్రామాణిక పాలసీ ఉంది. సముద్రం పక్కన వ్యాపారం చేసే ఈ రెండు జిల్లాల్లో దాని పేరు విన్న కొట్టువాడు నాకు ఇంకా తారసపడలేదు.

7. కాగితాల భయం

అప్పు కోసం జీఎస్టీ నంబరు తీసుకుంటారు, ఆపైన దాన్ని మరిచిపోతారు. ఒక్క రూపాయి అమ్మకం లేని నెలకు కూడా రిటర్ను వేయాలని, వేయకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున రుసుము పేరుకుంటుందని నోటీసు వచ్చాకే తెలుస్తుంది. కొట్టు మూసినా నంబరు రద్దు చేయించుకోకపోతే అది వెంటాడుతూనే ఉంటుంది.

ఇవీ తప్పులు. ఇక వీటి ఫలితం ఎవరి మీద పడుతోందో చెబుతాను.

దుకాణం మూతపడిన ఇంట్లో మొదట బయటికి వెళ్లేది బంగారం. తర్వాత పిల్లవాడి ప్రైవేటు బడి మారుతుంది. పొదుపు సంఘం నుంచి తెచ్చిన అప్పు అయితే ఆ భారం సంఘంలోని మిగతా 9 మంది మీద పడుతుంది. పదేళ్ల స్నేహాలు తెగిపోవడం చూశాను. ఆ పైన వలస. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో సాయంత్రం పూట ఒకసారి నిలబడి చూడండి. సికింద్రాబాద్, చెన్నై వైపు వెళ్లే బండ్ల కోసం మూటలతో కూర్చున్నవారిలో నిన్నటిదాకా సొంత కొట్టు నడిపినవారు కనిపిస్తారు. ఆ టిఫిన్ సెంటర్ భార్యాభర్తలు ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక హాస్టల్‌లో వంట చేస్తున్నారు. ఇద్దరికీ కలిపి జీతం మంచిదే. పాప మాత్రం ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంది. బ్యాంకు నోటీసులు ఆ అమ్మమ్మ పేరు మీదున్న ఇంటికి వస్తున్నాయి.

ఇంకో నష్టం పుస్తకాలకు ఎక్కదు. ఒక కొట్టు మూతపడితే, ఆ వీధిలో మరో నలుగురు వ్యాపారం మాట ఎత్తరు. "ఫలానావాడు ఏమయ్యాడో చూశావుగా" అంటారు.

రిజర్వు బ్యాంకు 2016 మార్చిలో ఇబ్బందుల్లో పడిన చిన్న వ్యాపారాలను నిలబెట్టేందుకు ఒక విధానం ఇచ్చింది. వాయిదా తప్పి 90 రోజులకు చేరకముందే గుర్తించి దిద్దుబాటు చూడాలని అందులో ఉంది. 10 లక్షల లోపు రుణమైతే బ్రాంచి స్థాయిలోనే చూడవచ్చు, అంతకు మించితే కమిటీ ఉంది. వ్యాపారి తానే ముందుకొచ్చి "నా వ్యాపారం దెబ్బతింటోంది" అని దరఖాస్తు చేసుకునే వీలూ ఉంది. నా 41 పుస్తకాల యజమానుల్లో ఒక్కరికి కూడా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వారికి ఫోను వచ్చింది వసూలు కోసమే.

అందువల్ల మిమ్మల్ని ఈ కింది పనులు చేయమని కోరుతున్నాను. వీటిలో కొత్త నిధులు కావలసినవి దాదాపు లేవు.

1. ప్రభుత్వ పథకం కింద అప్పు తీసుకున్న ప్రతి దుకాణం, యూనిట్ మూతపడినప్పుడు ఒక పేజీ ఫారం నింపండి. ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, ఎందువల్ల, ఎంతమందికి పని పోయింది అన్న నాలుగు ప్రశ్నలు చాలు. పేర్లు లేకుండా, మండలాల వారీగా 6 నెలలకు ఒకసారి ఆ లెక్క ప్రకటించండి. మిగతా డిమాండ్లన్నీ వాయిదా వేసినా దీన్ని మాత్రం వాయిదా వేయవద్దు.

2. రుణం చేతికి ఇచ్చేముందు నెల రోజులు చిట్టా రాయించండి. ఉన్న వ్యాపారమైతే దాని లెక్క, కొత్తదైతే తన ఇంటి లెక్క. ఇంటి డబ్బు, కొట్టు డబ్బు విడదీసి రాయడం వచ్చిందని పుస్తకం చూసి నిర్ధారించుకోండి. హాజరు పట్టిక చూసి ఇచ్చే ధ్రువపత్రం సరిపోదు.

3. మిషనుకు అప్పు మంజూరు చేసిన రోజే సరుకు పెట్టుబడికీ మంజూరు చేయండి. 20 శాతం లెక్క ఏమిటో, ఎంత రుణం దాకా తనఖా అక్కరలేదో ప్రతి బ్రాంచిలో తెలుగులో, పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి. జీడి వంటి పంట మీద ఆధారపడిన యూనిట్లకు పంట కాలాన్ని బట్టి వాయిదాలు కట్టే వీలివ్వండి.

4. ఏ మండలంలో ఏ వ్యాపారానికి ఈ ఏడాది ఎన్ని రుణాలు ఇచ్చారో పట్టిక పెట్టండి. ఏడో కాగితపు ప్లేట్ల యూనిట్‌కు దరఖాస్తు పెట్టేవాడు ముందున్న ఆరింటి సంగతి తెలుసుకుని పెట్టనివ్వండి. మిషను అమ్మేవారి తిరుగు కొనుగోలు హామీ రాతపూర్వకంగా లేకుంటే ఆ అంచనాను ఒప్పుకోవద్దు.

5. మొదటి ఏడాది మూడో నెలలో, ఆరో నెలలో, పన్నెండో నెలలో ఎవరో ఒకరు దుకాణానికి వెళ్లి పుస్తకం చూడాలి. వసూలుకు వెళ్లేవారు కాదు, లెక్క తెలిసినవారు. సిబ్బంది లేరంటారని తెలుసు. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఉంది. రెండు జిల్లాల్లోని కామర్స్ విద్యార్థులకు ఈ పని అప్పగించండి. వారికి పని వస్తుంది, వ్యాపారికి లెక్క వస్తుంది. వారికి పద్దులు చూపడానికి నాలాంటివారు ప్రతి పట్టణంలో నలుగురైదుగురు ఉన్నారు. మేం ఉచితంగా చెబుతాం.

6. మొదటి వాయిదా తప్పిన నెలలోనే వ్యాపారిని పిలిచి, 2016 నాటి విధానం కింద ఏమేం చేయవచ్చో తెలుగులో చెప్పండి. కమిటీలో ఎవరున్నారో, దరఖాస్తు ఎవరికివ్వాలో బ్రాంచిలో కనబడేలా పెట్టండి.

7. రుణం ఇచ్చేటప్పుడే ఉద్యం నమోదు, బీమా కాగితం, జీఎస్టీ ఎప్పుడు అవసరం, ఎప్పుడు అనవసరం అన్న ఒక కాగితం వ్యాపారి చేతికి ఇచ్చి, చదివి వినిపించండి. రావలసిన బాకీల కోసం ఫిర్యాదు చేసేవారికి సాయపడే మనిషిని జిల్లా కేంద్రంలో ఒకరిని పెట్టండి.

నా తోటి వ్యాపారులకూ ఇక్కడే ఒక మాట. అధికారులు కదిలేదాకా ఆగకండి. రేపు ఉదయం షట్టర్ ఎత్తేముందు రెండు డబ్బాలు పెట్టుకోండి, ఒకటి కొట్టుకు, ఒకటి ఇంటికి. మీ ఇద్దరి జీతం ఎంతో పుస్తకంలో రాయండి. అరువుకు తేదీ వేయండి. నెలాఖరున లెక్క తేలకపోతే సిగ్గుపడకుండా మాలాంటివారి దగ్గరకు రండి. 14 నెలలు ఆగి రాకండి.

అధికారులకు నా చివరి విన్నపం. ఆ 41 పుస్తకాల్లో పేర్లున్న చోట కాగితం అంటించి, యజమానుల అనుమతి తీసుకుని సిద్ధంగా ఉంచాను. ఏ సోమవారం రమ్మంటే ఆ సోమవారం రేకు పెట్టెతో వస్తాను. నాకు ఒక పూట చాలు. పక్కన కూర్చుని నాలుగు పుస్తకాలు నాతో కలిసి తిరగేయండి. 30 రోజుల్లో కబురు రాకపోతే నరసన్నపేట, టెక్కలి, పలాస, రాజాం, బొబ్బిలి బజార్లలో కొట్టుకొట్టుకూ తిరిగి ఈ ఏడు డిమాండ్ల మీద సంతకాలు తీసుకుని మళ్లీ వస్తాను. ఈసారి "పరిష్కరించబడినది" అన్న సందేశం వస్తే, ఏమి పరిష్కరించారో రాతలో ఇచ్చేదాకా ఆ కార్యాలయం వరండాలోనే కూర్చుంటాను.

ఇట్లు,
చిన్న దుకాణాల పద్దులు రాసే గుమస్తా,
నరసన్నపేట.